మూడో పొరకీ నాలుగో పొరకీ మధ్య

బావ మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే నాకు ఒళ్లు మండింది. మా అక్క పై అంతస్తులో ఉంటుంది, నేను కింద ఉంటాను. మధ్యలో పద్దెనిమిది మెట్లు. ఎనిమిది నెలలుగా ఆ మెట్ల మీద తిరిగేది మేమిద్దరం కాదు, ఇద్దరి మధ్యా నలిగిపోతున్న మా బావ. అక్క చెప్పిన మాటలో కారం తీసేసి నాకు చెబుతాడు. నేను చెప్పిన మాటలో ఉప్పు తీసేసి అక్కకు చెబుతాడు. చివరికి ఇద్దరికీ అందేది చప్పిడి కూడే.

తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. అంటే కబురు పెద్దదే.

"ఏమంటోంది మీ ఆవిడ?" అని నేనే అడిగాను.

"ఏం లేదమ్మా. నీ యంత్రం ఇంకొక్కసారి చూసుకుంటే బాగుంటుందేమోనని."

"చూసుకోమందా, తగలెట్టమందా?"

"రెండూ అందిలే," అని కుర్చీ లాక్కున్నాడు. "అది కాదు నేను చెప్పేది. నివేదికలో ఒక మాట రాస్తానంటోంది. కోప్పడకుండా విను."

కోప్పడకుండా వినమన్న మాటకే నాకు సగం కోపం వచ్చేసింది. మిగతా సగం అసలు మాట వినేసరికి వచ్చింది. 'ప్రయోగశాలలో మలినం చేరడం వల్ల వయసుల అంకెలు నమ్మదగినవి కావు' అని రాస్తుందట. ప్రయోగశాల అంటే నాది. మలినం అంటే నాది. ఇరవై రెండేళ్లుగా తలకి టోపీ, చేతికి తొడుగులు, కాలికి సంచులు వేసుకుని, గాలిని కూడా వడగట్టి పీలుస్తున్న నా గదిలో మలినమట. ఆ మాట అచ్చులో పడితే, రాళ్ల వయసు తేల్చుకోవాలనుకునే వాళ్లలో నాకు మళ్లీ ఒక్క గులకరాయి పంపేవాడు ఉండడు.

మా పనులేమిటో చెప్పకపోతే ఈ గొడవ బయటివాళ్లకి పిచ్చివాళ్ల గొడవలా ఉంటుంది. చెబుతాను.

భూమి చరిత్రకి క్యాలెండరు లేదు. మనుషులే దాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకీ ఒక్కో పేరు పెట్టుకున్నారు. ముక్కకీ ముక్కకీ మధ్య గీతని గాల్లో గీయరు. ప్రపంచంలో ఎక్కడో ఒక రాతిగోడని ఎంచుకుని, దీని కింద ఉన్నదంతా ఆ కాలం, పైన ఉన్నదంతా ఈ కాలం అని అక్కడ ఒక మేకు కొడతారు. బంగారు మేకు అంటారు గానీ పేరుకే బంగారం, మామూలుగా అది ఇత్తడి బిళ్ళే. అది పడ్డ చోటు లోకం మొత్తానికి కొలబద్ద అవుతుంది. అందుకని ఆ గోడకి ఒక షరతు ఉంది. అక్కడ రాయి ఆగకుండా పేరుకుని ఉండాలి. మధ్యలో కొంత కాలం రాయి పడకుండా పోయినా, పడింది కొట్టుకుపోయినా ఆ గోడ పనికిరాదు.

మా అక్కది శిలాజాల పని. ఊరి చివర పాత రాతి క్వారీలో ఒక గోడ ఉంది. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న రాయి అది. అందులో సూదిమొన కన్నా చిన్నవి, ఏదో సముద్రపు జీవి పళ్లు దొరుకుతాయి. కింది రాళ్లలో ఆ పన్నుకి నాలుగు ముళ్లు, పై రాళ్లలో ఐదు ముళ్లు. ఐదో ముల్లు మొదట కనిపించిన చోటే రెండు కాలాల మధ్య గీత కావాలని అక్క ముప్పై ఏళ్లుగా వాదిస్తోంది. పెళ్లయిన కొత్తలో బావని కూడా ఆ గోడ దగ్గరికే తీసుకెళ్లి కూర్చోబెట్టింది. డ్రాయింగ్ మాస్టారు కాబట్టి ఆయన గోడ మొత్తాన్ని పొర పొరా కొలిచి బొమ్మ గీశాడు. అదేం కాపురమో వాళ్లది.

ఇన్నాళ్లకి ఆ గోడ పేరు సంఘం ముందుకొచ్చింది. సంఘం అంటే దేశదేశాల నుంచి పోగైన ఇరవై మంది శిలాజాల వాళ్లు. పోటీలో ఇంకో దేశపు గోడ ఒకటుంది. ఓటు పడ్డాక పదేళ్ల దాకా మళ్లీ ఆ ఊసు ఎత్తడానికి లేదు. అక్కకి అరవై మూడు. ఎడమ కంట్లో పొర వచ్చి, మైక్రోస్కోపులో ఒంటి కంటితో చూస్తోంది. పదేళ్లు ఆగే ఓపిక ఆమెకి లేదు.

శిలాజాలు ఏది ముందో ఏది తర్వాతో చెబుతాయి గానీ ఎన్నేళ్లో చెప్పలేవు. అది నా పని. ఎప్పుడో అగ్నిపర్వతాలు పేలినప్పుడు ఆ బూడిద గాల్లో ఎగిరొచ్చి సముద్రంలో పడి, రాళ్ల మధ్య పలచటి బంకమట్టి పొరలుగా మిగిలిపోయింది. అక్క గోడలో అలాంటివి ఆరున్నాయి. బూడిదలో జిర్కాన్ అనే స్ఫటికాలు ఉంటాయి. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని గడప తొక్కనివ్వదు. ఆ యురేనియం ఒక లెక్క ప్రకారం మెల్లగా సీసమవుతుంది. ఎండకీ వానకీ, సుత్తి దెబ్బకీ ఆ లెక్క మారదు. కాబట్టి లోపల ఎంత సీసం పుట్టిందో, ఎంత యురేనియం మిగిలిందో నా యంత్రంలో కొలిస్తే స్ఫటికం వయసు తెలుస్తుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి తల ప్రాణం తోకకొస్తుంది, ఎందుకంటే సీసం లేని చోటంటూ ఈ లోకంలో లేదు. దుమ్ములో ఉంటుంది, పాత పెయింటులో ఉంటుంది. ఒకసారి బావ కొత్తగా జుట్టుకి రంగు వేసుకుని ముచ్చటగా నా ల్యాబు చూద్దామని వచ్చాడు. ఆ రంగు డబ్బా తెప్పించి చదివితే అందులోనూ సీసం ఉంది. గుమ్మంలోంచే తరిమేశాను. ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నొచ్చుకుంటాడు.

ఎనిమిది నెలల క్రితం అక్క రెండు సంచులు పంపింది. రెండో పొర, ఐదో పొర. గీత పడే చోటుకి ఒకటి కింద, ఒకటి పైన. ఆ రెండింటి వయసు తెలిస్తే చాలంది. నేను చేశాను. రెండో పొరకి ముప్పై కోట్ల ఎనభై నాలుగు లక్షల ఏళ్లు వచ్చింది. ఐదో పొరకి ముప్పై ఒక్క కోట్ల పది లక్షలు. అంటే పైన ఉన్నది పాతది, కింద ఉన్నది కొత్తది.

ఉతికిన బట్టలు దొంతర పెట్టేవాళ్లెవరికైనా తెలుసు, ముందు పెట్టినది అడుగున ఉంటుంది. రాళ్లూ అంతే. అంకెలు అచ్చంగా తిరగబడ్డాయి.

నేను మర్యాదగానే పైకెళ్లి, "అక్కా, సంచులేమైనా మారాయా?" అని అడిగాను. ఆ ఒక్క ముక్కకే అక్క మొహం గంటు పెట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ గోడని చేత్తో తడిమిన మనిషిని పట్టుకుని సంచులు మార్చావా అంటావా అంది. నేను సంచులు మారాయా అన్నాను గానీ మార్చావా అనలేదన్నాను. రెండూ ఒకటేనంది. అక్కడి నుంచి మాటలు పోయాయి, బావ రాకపోకలు మొదలయ్యాయి.

మళ్లీ చేశాను, అవే అంకెలు. ఆసిడ్లన్నీ పారబోసి, కొత్తవి తెప్పించి మూడోసారి చేశాను. అవే అంకెలు. ఈలోగా సంఘంలో ఒక పెద్దమనిషి, బహుశా ఆ గోడ కొండలు ముడుచుకున్నప్పుడు బోర్లా పడిపోయిందేమో అని ఉత్తరం రాశాడు. పుండు మీద కారం చల్లినట్టయింది అక్కకి. నా గోడ నిటారుగానే ఉంది, మా చెల్లెలి యంత్రమే బోర్లా పడింది అని జవాబు రాసిందట. ఆ జవాబు నకలు కూడా బావే తెచ్చి చూపించాడు, నేను చదువుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు ఈ మలినం మాట. సంఘానికి నివేదిక పంపడానికి ఇంకా ఏడు వారాలుంది.

"బావా, అక్కకి చెప్పండి. ఆ వాక్యం ఏడు వారాల దాకా రాయొద్దని చెప్పండి. రాస్తే ఈ జన్మకి మెట్లెక్కను."

"ఇప్పుడు మాత్రం ఎక్కుతున్నావా?" అన్నాడు బావ.

"మీరు చెప్పండి అంతే. కారం తియ్యకుండా చెప్పండి."

ఆయన వెళ్లాక క్వారీ మేస్త్రీకి ఫోను చేశాను. తాడోపేడో తేల్చేద్దామనుకున్నాను. రెండు కాదు, ఆరు పొరలూ చేస్తాను. ఆరింటినీ కొలిస్తే యంత్రం తప్పో, గోడ తప్పో, ఎవరి తలకాయ తప్పో తెలిసిపోతుంది. ఒక్కో పొర నుంచీ ఒక్కో సంచి నంబరు వేసి తెమ్మన్నాను. మేస్త్రీ మూడో రోజున తన బండి మీద ఆరు సంచులు దించి వెళ్లాడు. ఇనప తీగతో మూతులు బిగించి, ఒక్కోదాని మీద బొగ్గుతో ఇంత లావు అంకె వేశాడు.

ఆ తర్వాత ఆరు వారాలు నేను మనిషిని కాను. దంచడం, జల్లించడం, నీళ్లలో గాలించడం, అయస్కాంతంతో ఇనుము ఏరెయ్యడం. ఇవన్నీ అయ్యాక సంచెడు బంకమట్టి చిటికెడు పొడి అవుతుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పోసుకుని ఒక్కో స్ఫటికాన్నీ సూదితో పక్కకి జరపాలి. తుమ్మొచ్చిందంటే వారం పని గాల్లో కలిసిపోయినట్టే. మెడ పట్టేసింది. పాల అబ్బాయి మీద అరిచాను, కుళాయి బాగు చేసే ఆయన మీద అరిచాను, ఎక్కడ సందు దొరికితే అక్కడ అరిచాను. పైన అక్క నడుస్తున్న చప్పుడు వినిపిస్తే ఆ అడుగుల మీద కూడా కోపం వచ్చేది. ఈవిడ హాయిగా ఎలా నడుస్తోంది అనుకునేదాన్ని. నిజానికి ఆమె కుడి మోకాలు వాచి ఏడాది అయింది. అది హాయి నడక కాదని నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు.

నివేదిక శుక్రవారం సాయంత్రంలోగా వెళ్లాలి. నా ఆఖరి అంకె బుధవారం మధ్యాహ్నం వచ్చింది. ఆరింటినీ ఒక కాగితం మీద వరుసగా రాశాను. ఒకటో సంచికి ముప్పై కోట్ల ఎనభై రెండు లక్షలు. రెండోదానికి ఎనభై నాలుగు, మూడోదానికి ఎనభై ఆరు. నాలుగోదానికి ముప్పై ఒక్క కోట్ల ఎనిమిది లక్షలు, ఐదోదానికి పది, ఆరోదానికి పన్నెండు. ఏ అంకెలోనైనా అర లక్ష అటూ ఇటూ ఉంటే ఉండొచ్చు, అంతకు మించి కాదు.

ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాను. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కడా తడబడకుండా పెరుగుతూ పోయాయి. మలినం చేరితే అంకెలు చిందరవందరగా ఉంటాయి. యంత్రానికి పిచ్చి పట్టినా ఇంత పద్ధతిగా పట్టదు. ఎవరో మెట్లు పైనుంచి దిగుతుంటే, వాళ్లు కిందనుంచి ఎక్కుతున్నారని నేను అనుకున్నట్టుంది.

మేస్త్రీకి ఫోను చేశాను.

"మేస్త్రీ, ఒకటో పొర ఎక్కడుంటుంది?"

"గోడలోనండి, చిన్నమేడం."

"గోడలో ఎక్కడ?"

"పైనండి."

"పైనా?"

"పైనే కదండి మరి. గోడని మేం పైనుంచే కోసుకొస్తాం. ముందు తగిలేది ఒకటి, తర్వాత తగిలేది రెండు. ఆ పొరలొచ్చిన చోటల్లా రాయి దానంతటదే విడిపోద్దండి, అందుకని లెక్క పెట్టుకుంటాం. మా నాన్న రోజుల నుంచీ అదే లెక్క. కిందనుంచి ఎవరైనా లెక్క పెడతారాండి?"

"మేమందరం కిందనుంచే లెక్క పెడతాం మేస్త్రీ. ముందు పడినది అడుగునుంటుంది కాబట్టి అదే ఒకటి."

మళ్లీ నేనే అడిగాను, "పెద్దమేడం నిన్ను అడగలేదా?"

"అడిగారండి. రెండూ ఐదూ సరిగ్గానే తెచ్చావా అనడిగారు. సరిగ్గానే తెచ్చానన్నాను. సరిగ్గానే తెచ్చానండి."

ఫోను పెట్టేసి తల పట్టుకున్నాను. ముప్పై ఏళ్లూ అక్క తనే నిచ్చెనెక్కి, తన చేత్తోనే తవ్వుకుని తెచ్చుకునేది. మోకాలు మొరాయించాక మొదటిసారి మేస్త్రీని పంపింది. పొరలు ఆరు. కిందనుంచి రెండోది పైనుంచి ఐదోది, కిందనుంచి ఐదోది పైనుంచి రెండోది. ఎనిమిది నెలలు మాటల్లేకుండా, మూడుసార్లు కొలిచి, ఆసిడ్లు పారబోసి, సంఘం పెద్దమనిషి చేత ఉత్తరం రాయించుకున్నది ఇందుకు. నా ల్యాబుకి సంచి పంపేవాళ్లు నింపాల్సిన కాగితం ఒకటుంది. రెండు పేజీలు. దాన్ని తయారు చేసింది నేనే. తవ్విన గునపం ఏ లోహంతో చేసిందో కూడా అడుగుతుంది ఆ కాగితం. నంబరు పైనుంచా కిందనుంచా అని మాత్రం అడగదు. నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది, ఆ వెంటనే పగలబడి నవ్వాను. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి సరిపోయింది.

వెంటనే పైకి పరిగెత్తి ఉండాల్సింది. కానీ నాకు పని పూర్తి చేసే జబ్బొకటి ఉంది. బావ గీసిన గోడ బొమ్మ నకలు తీసి, ఆరు అంకెల్నీ సరైన వరుసలో పొరల పక్కన రాసుకుంటూ వచ్చాను. కిందనుంచి ఒకటి, రెండు, మూడు. పొరకీ పొరకీ మధ్య రెండేసి మీటర్ల రాయి, రెండేసి లక్షల ఏళ్లు. ముచ్చటగా ఉంది. నాలుగు, ఐదు, ఆరు. అక్కడా అంతే, రెండేసి మీటర్లు, రెండేసి లక్షలు.

మూడుకీ నాలుగుకీ మధ్య అర మీటరు రాయి ఉంది. దాని పక్కన ఇరవై రెండు లక్షల ఏళ్లున్నాయి.

మళ్లీ కూడాను, మళ్లీ తీసేశాను. రెండు లక్షల ఏళ్లకి రెండు మీటర్ల లెక్కన ఆ చోట ఇరవై మీటర్ల పైచిలుకు రాయి ఉండాలి. ఉన్నది నా చేతి పొడవంత. మిగతాది పడనే లేదో, పడి కొట్టుకుపోయిందో. ఏదైనా ఒకటే, గోడ అక్కడ తెగింది. ఐదు ముళ్ల పన్ను మొదట కనిపించేది సరిగ్గా ఆ అర మీటరులోనే. అక్క మేకు కొట్టాలనుకున్న చోటు అదే.

రెండో పొరా ఐదో పొరా మాత్రమే చేసి ఉంటే ఇది ఎవరికీ తెలిసేది కాదు. నాలుగున్నర మీటర్లకి ఇరవై ఆరు లక్షల ఏళ్లు. రాయి కాస్త మెల్లగా పడిందేమోలే అని అందరూ ఊరుకునేవాళ్లు. నేనే పంతానికి పోయి ఆరూ చేశాను. ఆ కాగితాన్ని మడిచి చింపెయ్యాలనిపించింది నాకు. అబద్ధమెందుకు, గట్టిగానే అనిపించింది.

పద్దెనిమిది మెట్లూ ఎక్కేసరికి నాలుగున్నర అయింది. అక్క కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ఉంది, కుడి కాలు చిన్న పీట మీద పెట్టుకుని. ఆమె వెనక గోడ పొడవునా సన్నటి సొరుగులు. ముప్పై ఏళ్ల పళ్లు ఆ సొరుగుల్లో గాజు పలకల మీద అంటించి ఉంటాయి. నన్ను చూసి మొహం తిప్పుకోబోయి, నా వాలకం చూసి ఆగింది. బావ లోపలి గదిలోంచి తొంగి చూశాడు.

నేను పిరికిదాన్ని. ముందు మంచి కబురే చెప్పాను. మేస్త్రీ లెక్క సంగతి చెప్పాను.

అక్క మొదట నమ్మలేదు. తర్వాత వేళ్ల మీద లెక్క పెట్టుకుంది, ఒకసారి కిందనుంచి, ఒకసారి పైనుంచి. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లజోడు తీసేసి, మోకాలు పట్టుకుని మరీ నవ్వింది.

"ఏవండీ, విన్నారా. గోడా బోర్లా పడలేదు, దీని యంత్రమూ బోర్లా పడలేదు. మేస్త్రీ పైనుంచి లెక్క పెట్టాడట," అంది. మళ్లీ నా వైపు తిరిగి, "నన్ను మళ్లీ గట్టిగా అడగొచ్చు కదే చిట్టీ. ఒక్క మాటకే అలిగి కూర్చుంటావా?"

"నేను అలిగానా?" అన్నాను.

"సరేలే, నేనే అలిగాను. ఆ మలినం ముక్క తీసేస్తున్నాను. రెండూ ఐదూ వరుసలో పడ్డాయి కదా, చాలు. ఇప్పుడే రాసి పంపించేద్దాం. ఏవండీ, కాస్త కంప్యూటరు పెట్టండి."

"అక్కా."

"ఏంటే?"

"నేను ఆరూ చేశాను."

కాగితం బల్ల మీద పెట్టాను. అక్క దాన్ని కుడి కంటి దగ్గరికి తీసుకుని చదివింది. నేనేమీ చెప్పక్కర్లేదు. అలాంటి కాగితాలు చదవడం చిన్నప్పుడు నాకు నేర్పిందే ఆమె. కింది మూడు అంకెల మీద వేలు పెట్టి పైకి జరుపుకుంటూ వచ్చింది. మూడో పొర దాటాక వేలు ఆగింది.

"నేను రెండే కదే అడిగాను," అంది.

బావ కంప్యూటరు దగ్గర అలాగే నిలబడిపోయాడు.

"నాలుగోది సరిగ్గా వచ్చిందా?"

"మూడూ నాలుగూ, రెండింటిలోనూ పన్నెండేసి స్ఫటికాలు చేశాను. అన్నీ ఒకే మాట చెబుతున్నాయి."

"అర లక్ష అటూ ఇటూ?"

"అంతే."

అక్క లేచింది. మోకాలు పట్టుకుని సొరుగుల దగ్గరికి వెళ్లి, ఒకటి బయటికి లాగి నా ముందు పెట్టింది. అందులో గాజు పలకలు వరుసగా పేర్చి ఉన్నాయి, సగం ఖాళీగా ఉంది.

"ఇవి నాలుగు ముళ్లవి, ఆఖరివి. ఇవి ఐదు ముళ్లవి, మొదటివి. మధ్యలో ఒకటి ఉండాలి. ఐదో ముల్లు అప్పుడప్పుడే మొలుస్తున్నది. మొటిమంత ఉన్నా చాలు. దాని కోసమే ఈ ఖాళీ వదిలాను. ఆ అర మీటరు రాయినీ అంగుళం అంగుళం కోసి, ఆసిడ్లో కరిగించి వెతికాను. దొరకలేదు. నా కన్ను సరిగ్గా లేదనుకున్నాను. ఇంకొక్క సంచి కరిగిస్తే దొరుకుతుందనుకున్నాను." సొరుగు మెల్లగా మూసేసింది. "అది ఉండాల్సిన రాయే లేదన్నమాట. లేని రాయిలో వెతుకుతున్నాను."

"అక్కా, పంపకుండా ఉండొచ్చు," అన్నాను. నా నోటినుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. "నువ్వు అడిగింది రెండే. రెండే ఇస్తాను. మిగతా నాలుగూ నా బీరువాలో ఉంటాయి."

అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చిన్నప్పుడు లెక్కల పుస్తకంలో జవాబు చూసి రాశానని తెలిసినప్పుడు కూడా అలా చూడలేదు.

"ఫోను ఇలా ఇయ్యి," అంది.

సంఘం అధ్యక్షుడికి ఆమే ఫోను చేసింది. బల్ల మీద పెట్టి మాట్లాడింది కాబట్టి అవతలి మాటలు నాకూ వినిపించాయి. పాపం ఆయన మంచివాడే. అక్క గోడ వైపే మొగ్గు ఉన్న మనిషి.

"దిగులు పడకండమ్మా," అన్నాడాయన, అక్క వయసుల అంకెల ఊసు ఎత్తగానే. "ఆ ల్యాబు అంకెల మీద మా అందరికీ అనుమానం ఉంది. మీరన్నట్టే మలినం అని ఒక్క వాక్యం రాసెయ్యండి. శిలాజాల మీదే ఓటింగు నడిపిద్దాం. గెలిచే అవకాశం బాగానే ఉంది."

"అంకెల్లో తప్పు లేదండి," అంది అక్క. "గోడలోనే ఖాళీ ఉంది. ఇరవై రెండు లక్షల ఏళ్లు లేవు. మా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాం. శుక్రవారంలోగా ఉత్తరం పంపిస్తాను."

"అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు? ఎవరు చేశారు ఆ అంకెలు?"

"మా చెల్లెలు. అది మూడుసార్లు చూడనిదే ఒక్క అంకె కూడా బయటపెట్టదు."

ఎనిమిది నెలలుగా ఆ ఒక్క మాట వినడానికే కదా నేను మెడలు విరగ్గొట్టుకుని, పాల అబ్బాయి దగ్గర్నుంచి అందరినీ తిట్టుకుంటూ కూర్చున్నది. విన్నాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. అక్క ఫోను పెట్టేసి, ఏడవకే పిచ్చిదానా, కాగితం తడిసిపోతుంది అంది. బావ మంచినీళ్లు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు.

ఉత్తరంతో పాటు గోడ బొమ్మ కూడా పంపాలంది అక్క. బావ దాన్ని తెచ్చి పరిచాడు. ఆయన అందంగా గీసిన బొమ్మ అది, కిందనుంచి పై దాకా ఎక్కడా తెగకుండా. రాయి తెగిన చోట మా వాళ్లు వంకర గీత గీస్తారు, ఆ గీతని చూడగానే అక్కడ కాలం పోయిందని ఎవరికైనా అర్థమవుతుంది. అర మీటరులో అది ఎక్కడ పడాలో నా అంకెలు చెప్పలేవు. మూడుకీ నాలుగుకీ మధ్య ఎక్కడో అని మాత్రమే చెప్పగలవు. ఆ మాటే అన్నాను, కొలుచుకోమని స్కేలు అందించబోయాను. అక్కర్లేదంది. పెన్ను తీసుకుని, వంగి, ఐదు ముళ్ల పన్ను మొదట దొరికిన గుర్తుకి రెండు వేళ్ల కింద ఆ చివరి నుంచి ఈ చివరికి వంకర గీత ఒక్క ఊపున గీసేసింది. ఎక్కడా ఆగలేదు, వెతుక్కోలేదు. ఆ గీత ఎక్కడుందో అక్కకి ఎన్నేళ్లుగా తెలుసో నేను అడగలేదు.